డ్రాయింగ్ లేని గిటార్

ఇరవై తొమ్మిదేళ్ళు నా ఉద్యోగం "కాదు" అనడం. నాచారం పారిశ్రామికవాడలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో ఇన్‌స్పెక్టర్‌ని. మెషిన్ మీద తయారై వచ్చిన ముక్కను కొలవాలి, డ్రాయింగ్‌లో ఉన్న సైజుతో సరిపోకపోతే దానికి ఎర్ర రంగు పూసి పక్కన పడేయాలి. ఆ రంగు డబ్బా ఎప్పుడూ నా బల్ల మీదే ఉండేది కాబట్టి షాపులో అందరూ నన్ను చాటుగా ఎర్ర డబ్బా అక్క అనేవాళ్ళు. చాటుగా అన్నది వాళ్ళ నమ్మకం. నాకు చేరిన మొదటి నెలలోనే తెలుసు, లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

ఇప్పుడు రిటైరై ఉప్పల్లో ఇంటిపట్టున ఉంటున్నాను. కొత్తగా క్వాలిటీ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు కొందరు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. మా ముందుగది గోడల నిండా పాత గిటార్లు వేలాడుతుంటాయి. చెక్కుకుపోయినవి, మెడ విరిగినవి, చర్చి స్టోర్ రూముల్లో మూలపడి ఎలుకలు కొరికినవి తెచ్చి బాగుచేయడం నా పని. వచ్చిన పిల్లలు ఒకటి కిందికి దించుకుని వాయించబోయి, "ఆంటీ, దీని తీగలేంటి ఇంత ఎత్తుగ ఉన్నయి? నొక్కుదామంటే వేళ్ళు కోసుకుపోతున్నయి. ఖరాబైందా?" అని అడుగుతారు. ఖరాబు కాలేదు, దాన్ని అలాగే వాయిస్తారు. ఆ సంగతి నేను ఎలా నేర్చుకున్నానో చెప్పాలంటే నా ఉద్యోగంలో చేసిన అన్నిటికన్నా పెద్ద పొరపాటు చెప్పాలి. ఇప్పుడు నవ్వుకుంటూ చెప్పగలను. ఆ రోజు మాత్రం కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాను.

గిటార్ల పిచ్చి ఎలా మొదలైందంటే, మా చర్చిలో క్రిస్మస్‌కు ముందు స్టోర్ రూము దులుపుతుంటే వెనక పలక ఊడిన గిటార్ ఒకటి బయటపడింది. పారేద్దామన్నారు. పారేయడం నా ఉద్యోగం గానీ అది నా కంపెనీ కాదు కదా, ఇంటికి పట్టుకొచ్చాను. వడ్రంగి దగ్గర సరేసు జిగురు తెచ్చి అతికించి, ఆదివారం కల్లా మోగించాను. ఆ నోటా ఈ నోటా పాకి చుట్టుపక్కల చర్చిల నుంచి గిటార్లు రావడం మొదలైంది. వాళ్ళు వద్దనుకున్నవి నేను ఉంచుకునేదాన్ని. సిటీ బస్సు కండక్టరుగా పనిచేసే మా ఆయన ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేవాడు: "అందరి ఆడోళ్ళు నారపల్లిల ప్లాటు గొందామంటరు. మా ఆమె పగిలిన గిటార్లు గొంటది. రేపు వాటిల్నే కాపురం పెడతం." వాయించడం నాకు పెద్దగా రాదు. నాలుగు కీర్తనలకు సరిపడా, తీగలు కలిపి నొక్కే కార్డులు వచ్చు. నాకు ఇష్టం వాయించడం కాదు, సరిచేయడం. వంకరగా ఉన్నదాన్ని తిన్నగా చేసినప్పుడు కలిగే తృప్తి ముందు నాకు ఏ సంగీతమూ ఆనేది కాదు.

ఇక మా స్టోర్స్ అన్న గురించి చెప్పాలి. మా కంపెనీలో గ్లవ్స్ దగ్గర నుంచి ఇత్తడి కడ్డీల దాకా ఏది కావాలన్నా ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి ఇండెంట్ చీటీ ఇచ్చి తీసుకోవాలి. మేడిపల్లిలో ఉండేవాడు. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద, నన్ను చెల్లె అని పిలిచేవాడు. స్టోర్స్‌కు రాకముందు ఆయన ప్రెస్ షాపులో ఆపరేటర్. ఒక రోజు ప్రెస్ ఆయన ఎడమ చేతి చూపుడువేలూ మధ్యవేలూ రెండో కణుపు దగ్గర తీసేసింది. దవాఖానా నుంచి వచ్చాక స్టోర్స్‌లో వేశారు. అప్పటినుంచి పదకొండేళ్ళు ఆయన ఏ సామాను ఇచ్చినా కుడిచేత్తోనే ఇచ్చేవాడు. ఎడమచెయ్యి కిటికీ కింద ఎక్కడో ఉండేది.

మా దగ్గర రాయని నియమం ఒకటుంది. ప్రమాదం జరిగిన మనిషిని దాని గురించి అడగకూడదు, ఆ చేతి వైపు చూడకూడదు. అడిగితే ఆయన మనసు నొచ్చుకుంటుందని చెప్పుకునేవాళ్ళం. అసలు సంగతి వేరు. ఆ చెయ్యి చూస్తే మర్నాడు పొద్దున ప్రెస్ ముందు నిలబడటానికి కాళ్ళు రావు. అందుకని ఆయన భోజనానికి కూర్చుంటే ప్రెస్ షాపు వాళ్ళు పప్పు బాగుందనీ, ఎండలు ముదిరాయనీ, ఉప్పల్లో ట్రాఫిక్ ఆగిపోయిందనీ మాట్లాడుకునేవాళ్ళు. అందరూ ఆయనను గౌరవించేవాళ్ళే, కానీ ఎవరూ ఆయనను నిండుగా చూసేవాళ్ళు కాదు. వాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన రిటైర్‌మెంటుకు నెల రోజులు ఉందనగా నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, నాకాడ ఒక గిటారున్నది. మా చర్చి క్వయర్ పెద్దాయన ఇచ్చిండు, ఆయన గూడ పోయిండు. మస్తు పాతది. జర మంచిగ జెయ్యవా? నా సెండాఫ్ దినం మోగాలె."

"నువ్వు ఫికర్ జెయ్యకన్నా, కొత్తదాని లెక్క జేసిస్త," అన్నాను.

ఎవరు వాయిస్తారని నేను అడగలేదు. అడిగితే మాట చేతి మీదికి పోతుంది. వాళ్ళ చర్చి వాళ్ళెవరో వచ్చి వాయిస్తారు కాబోలనుకున్నాను. ఆయన కూడా చెప్పలేదు. చెప్పబోయినట్టు ఒక క్షణం నిలబడి, "సరే మరి," అని వెళ్ళిపోయాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది.

గిటార్ ఇంటికి తెచ్చి సంచిలోంచి తీయగానే నా ప్రాణం లేచివచ్చింది. ఎప్పుడో కలకత్తాలో చేసినది. పొట్ట మీద గుండ్రటి రంధ్రం బదులు వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వంకర చీలికలు. దుమ్ము కింద తేనెరంగు. అయితే రోగాలు లేని చోటు లేదు. లోపలి బద్దలు ఊడిపోయాయి, తీగలు బిగించే చెవులు తుప్పు పట్టి తిరగడం లేదు, మెడకూ పొట్టకూ మధ్య పోస్టుకార్డు దూరేంత సందు. వీటన్నిటికన్నా నాకు ఒళ్ళు మండించినది తీగల ఎత్తు. గిటార్ మెడ పైచివర తీగలు ఆనడానికి చిన్న ఎముక ముక్క ఉంటుంది. దాని మీద ఎవరో చేత్తో గీకిన ఇత్తడి పట్టీ పెట్టి తీగలను ఇంకా పైకి లేపారు. కొలిస్తే ఉండాల్సిన దానికి మూడింతలు పైన ఉన్నాయి.

"ఇదేం గిటారు, బట్టలారేసే దండెం లెక్కున్నది," అన్నాను మా ఆయనతో.

మా ఆయన టీ తాగుతూ చూశాడు. "గంత ఎత్తుగ ఎందుకు పెట్టుకున్నడో ఆయన్నే అడుగరాదు?"

"తప్పు జేసినోన్ని ఎందుకు జేసినవని అడుగుతరా? సరి జేస్తరు."

"ఏమో, మా బస్సుల ఎవరన్న తలుపుకాడ నిలబడితె, ఎందుకు నిలబడ్డవన్నా అని అడుగుత. వచ్చే స్టాపుల దిగుతనంటడు."

కండక్టరుకు గిటార్ల సంగతేం తెలుసని ఆ మాట కొట్టిపారేశాను. ఇత్తడి పట్టీ తీసి పాత సామాన్ల డబ్బాలో పడేశాను. ఎముక ముక్కలో తీగలు కూర్చునే గాట్లు కొత్తగా కోశాను. సందులు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి ఒక్కో తీగా దాదాపు మెడకు ఆనుకునేంత కిందికి దించాను. చెవులు కిరసనాయిలులో నానబెట్టి తోమాను. పాలిష్ మూడు పూతలు వేశాను, ఒక్కో పూతా ఆరడానికి వారం. అందుకని గిటార్ తయారయ్యేసరికి సెండాఫ్ రోజు రానే వచ్చింది. ఆ రోజు పొద్దున మా ఆయన బండి మీద వెనక కూర్చుని, గిటార్‌ను పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కంపెనీకి తీసుకువెళ్ళాను.

పిల్లలూ, ఇక్కడ ఒక్కమాట. మన ఉద్యోగంలో అందరికన్నా పెద్ద తప్పు తక్కువ కొలవడమో ఎక్కువ కొలవడమో కాదు. డ్రాయింగ్ చూడకుండా కొలవడం. ఆ ముక్క ఎందుకు, ఎక్కడ కూర్చుంటుంది, దానితో ఏం పని అన్నది తెలియకుండా సైజు బాగోలేదనడం. కొత్తగా చేరినవాళ్ళకు ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గిటార్‌కు డ్రాయింగ్ అంటూ ఏదైనా ఉంటే అది ఆయన చెయ్యి. దాన్ని నేను చూడలేదు. మర్యాద అనుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఇన్‌స్పెక్షన్ గదికి వచ్చాడు. గిటార్ చూసి దగ్గరికి జరిగాడు. పాలిష్ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"పెండ్లికొడుకు లెక్క జేసినవు గద చెల్లె!"

నేను మురిసిపోయాను. ఆయన స్టూల్ మీద కూర్చుని, ముందు తీగలన్నీ తిప్పి శ్రుతి మార్చాడు. అన్ని తీగలూ కలిపి మీటితే ఒకే కార్డు పలికేటట్టు కట్టాడు. తర్వాత జేబులోంచి నున్నటి స్టీలు గొట్టం ముక్క తీశాడు, బొటనవేలంత పొడవు. దాన్ని ఎడమచేతి ఉంగరం వేలికి తొడిగాడు. తొడిగి తీగల మీద పెట్టి జార్చాడు.

టక్. టక టక టక్.

తీగలు కిందికి దిగిపోయి ఉన్నాయి కాబట్టి గొట్టం మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్లకు కొట్టుకుంది. అది రేకుల షెడ్డు మీద రాళ్ళు పడ్డట్టుంది. ఆయన ఇంకోసారి మెల్లగా జార్చాడు. అదే చప్పుడు. తలెత్తి నావైపు చూశాడు.

"ఇత్తడి పట్టీ ఏది చెల్లె?"

అప్పుడు అర్థమైంది నాకు. వేళ్ళతో నొక్కి వాయించేవాళ్ళకు తీగలు కింద ఉండాలి. గొట్టం జార్చి వాయించేవాళ్ళకు పైన ఉండాలి, గొట్టం తీగను తాకాలే గానీ కింద చెక్కను తాకకూడదు. ఆ పట్టీ తప్పు కాదు. ఈ చేతికి సరిపోయే గిటార్‌ను ఆయనే తయారుచేసుకున్నాడు. నేను దాన్ని రిజెక్ట్ చేశాను.

వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. పాత సామాన్ల డబ్బాలో ఇత్తడి పట్టీ ఉందేమో చూడమన్నాను.

"డబ్బ యాడిది? మొన్ననే పాత సామాన్లాయనకు ఏసిన. నువ్వే గద ఏయమన్నవు. బదులు ఉల్లిగడ్డలిచ్చిండు. గావాల్నంటే అవి పట్టుకొస్త."

ఫోన్ పెట్టేసి గోడ గడియారం చూశాను. ఒంటిగంట. సెండాఫ్ నాలుగింటికి.

"పోనీ తియ్యి చెల్లె," అన్నాడు ఆయన. "శాలువ కప్పుకోని, సమోస తినుకుంట గూసుంట. గంతే గద." నవ్వుతూనే అన్నాడు గానీ గొట్టం వేలి నుంచి తీయలేదు. తీయకుండా మెల్లగా చెప్పాడు. ప్రమాదం తర్వాత గిటార్ ముట్టుకోలేదట. షిల్లాంగ్ నుంచి వచ్చిన మా ప్రొడక్షన్ మేనేజర్ ఒక రోజు తన క్యాబిన్‌లో ఫోన్‌లో ఏవో పాటలు పెట్టుకుని ఉంటే, స్టాక్ లిస్టు ఇవ్వడానికి వెళ్ళిన ఈయన విన్నాడట.

"బ్లూస్ అంటరంట చెల్లె. అమెరికాల పత్తిచేన్లల్ల కూలి జేసిన నల్లజాతోళ్ళ పాట. మా అమ్మ గూడ పత్తి ఏరింది గద, ఆ రాగం ఇనంగనే నాకు సమజైపోయింది. అండ్ల ఒకాయన సీసా మెడ పగలగొట్టి ఏలికి తొడుక్కోని వాయిస్తుండంట. ఏళ్ళతోటి నొక్కే పనే లేదు. గప్పుడనుకున్న, నాకు మిగిలిన ఏళ్ళు సాలు గదా అని. రెండేండ్ల సంది ఇంట్ల నేర్చుకుంటున్న. సార్‌కు దప్ప ఎవ్వరికి ఎరుక లేదు."

"నాకన్న చెప్పొద్దా అన్నా?"

"నువ్వడిగినవా?" అన్నాడు. తిట్టినట్టు అనలేదు, అంతే అన్నాడు. "పదకొండేండ్ల సంది నేను ఎదురొస్తె అందరు మొఖం పక్కకు దిప్పుకుంటున్రు చెల్లె. పాపం, వాళ్ళ తప్పు లేదు. పొయ్యే దినమన్న ఒక్కపారి నా దిక్కు సూస్తరేమో అనుకున్న."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తూ కూర్చుంటే పట్టీ తయారవదు కదా. "స్టోర్ల ఇత్తడి ఫ్లాట్ ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది."

"తియ్యి."

"ఇండెంట్?"

నేను ఆయన వైపు చూశాను. ఆయన నిజంగానే అడుగుతున్నాడు.

"ఓ అన్నా, గిటారు నీది, సెండాఫ్ నీది!"

"స్టోర్ నాది గాదు చెల్లె. పదకొండేండ్లు చీటి లేకుండ ఒక్క వాషర్ ఇయ్యలే. ఆఖరి దినం ఇచ్చి బద్నాం అయితనా?"

ఎర్ర డబ్బా అక్కను మించిన మనిషి కంపెనీలో ఇంకొకరున్నారని ఆ రోజే తెలిసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు మరి. చీటీ తీసి రాయడం మొదలుపెట్టాను. ఇత్తడి ఫ్లాట్, ఒకటి. "ఉపయోగం" అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. కాసేపు ఆలోచించి, "ఇన్‌స్పెక్షన్ చేసిన తప్పు సరిదిద్దుటకు" అని రాశాను. మా విభాగం వైపు నుంచి అలాంటి వాక్యం అంతకుముందు ఎప్పుడూ వెళ్ళలేదు. మేనేజర్ సంతకం కోసం పరిగెత్తాను. ఆయన నా చేత చీటీ చదివించుకుని, నా మొహం చూసి, సంతకం పెట్టి, "మేడం, యే కాగజ్ మై ఫ్రేమ్ కరూంగా," అన్నాడు, ఆ కాగితాన్ని ఫ్రేమ్ కట్టించుకుంటాడట. తర్వాత విషయం చెబితే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాలుగింటికి లైను మొత్తం ఆపేసి ప్రెస్ షాపునంతా క్యాంటీన్‌కు తెస్తానన్నాడు.

ముక్క వైస్‌లో బిగించి ఆకురాయి పట్టాను. ఎదురుగా స్టూల్ మీద గిటార్‌తో ఆయన.

"ఎంత ఎత్తు గావాలన్నా?"

"నాకేం ఎరుక? గొట్టం కింద తాకొద్దు, తీగ గుంజుకపోవద్దు. గంతే."

"గంతే అంటే ఎన్ని మిల్లీమీటర్లు?"

"కూరల ఉప్పు మిల్లీమీటర్లల్ల ఏస్తవా చెల్లె?"

ఇరవై ఏళ్ళకు పైగా వెర్నియర్ స్కేలు లేకుండా ఏదీ ఒప్పుకోని నేను ఆ మధ్యాహ్నం చెవులతో కొలిచాను. కొంచెం అరగదీయడం, ముక్కను తీగల కింద దూర్చడం, ఆయన గొట్టం జార్చడం. "ఇంక జర." మళ్ళీ అరగదీయడం. "ఎక్కువైంది, మొదటి తీగ కాడ జర తగ్గియ్యి." గాట్ల మధ్య దూరం ఒకచోట తప్పింది, ఆ ముక్క పారేసి ఇంకో ముక్కకు మళ్ళీ ఇండెంట్ రాశాను. ఆయన దానికీ చీటీ తీసుకుని ఫైల్లో కుట్టుకున్నాడు.

ఆ రెండు గంటలూ ఆయన ఎడమచెయ్యి నా కళ్ళకు జానెడు దూరంలో ఉంది. చూడక తప్పలేదు. తెగిన రెండు వేళ్ళ చివరలూ నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. అవి ఊరికే లేవు. గొట్టానికి వెనకాల తీగల మీద మెత్తగా ఆని, అనవసరమైన గరగర చప్పుడును ఆపుతున్నాయి. పనికిరావని మేమంతా అనుకున్న ఆ రెండు మొండివేళ్ళే ఆ వాద్యంలో సగం పని చేస్తున్నాయి. నేను అలా చూస్తూ ఉండిపోతే, ఆయన గమనించి చెయ్యి దాచుకోలేదు. ఇంకాస్త వెలుతురులోకి జరిపాడు.

మూడున్నర దాటాక ఒకసారి గొట్టం పైనుంచి కిందిదాకా జార్చాడు. ఎక్కడా తగల్లేదు. తీగ ఒక్కటే పలికింది. మనిషి గొంతు మూలిగి, మూలుగు మధ్యలో నవ్వినట్టుంది.

"పాస్," అన్నాడు.

మా సెండాఫ్‌లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. శాలువా, పూలదండ, స్టీలు బిందె, సమోసా, మిక్చర్, టీ. హెచ్చార్ వాళ్ళు రాసుకొచ్చిన రెండు పేజీలు. అందులో "ఎన్నో ఒడిదుడుకులను ఎదుర్కొని" అన్న చోట చదివేవాళ్ళు గొంతు సవరించుకున్నారు, వినేవాళ్ళు సమోసాల వైపు చూశారు. మాట్లాడమని మైకు ఇస్తే ఆయన తీసుకోలేదు. శాలువా మడతపెట్టి కుర్చీ మీద వేసి, గిటార్ ఒళ్ళోకి తీసుకుని, అందరి ముందు ఎడమచెయ్యి పైకెత్తి, నిదానంగా గొట్టం తొడుక్కున్నాడు. ప్రెస్ షాపు వరసలో తలలు వంగిపోయాయి.

బొటనవేలితో లావు తీగను కొట్టడం మొదలుపెట్టాడు. ధన్... ధన్... ధన్... నాలుగైదు దెబ్బలు పడేసరికి వంగిన తలలు లేచాయి. అది ప్రెస్ దరువు. రోజంతా వాళ్ళు వినే దరువు, నిద్రలో కూడా వాళ్ళ కాళ్ళు ఆడించే దరువు. వెనక వరసలో ఒకరి బూటు నేల మీద తాళం వేసింది, తర్వాత వరస మొత్తం. ఆ దరువు మీద గొట్టం జారుతూ ఏడ్చింది, వెక్కిరించింది, మళ్ళీ ఏడ్చింది. అప్పుడు ఆయన తను కట్టుకున్న పాట ఎత్తుకున్నాడు.

"ఆరింటికి లేసిన, ఉప్పల్ల బస్సు దొరకలే,
అరె ఆరింటికి లేసిన, ఉప్పల్ల బస్సు దొరకలే,
దొరికిన బస్సుల నిలబడితే, నాచారంల దిగనియ్యలే."

క్యాంటీన్ ఘొల్లుమంది. ఎవరో ఈల వేశారు. క్యాంటీన్ ఉప్మా మీద ఒక చరణం, ఓవర్‌టైమ్ అని ఆపే సూపర్‌వైజర్ మీద ఒక చరణం. సూపర్‌వైజరే అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నా మీద కూడా ఒకటి పాడాడు, అది ఇక్కడ చెప్పను. తర్వాత దరువు కొంచెం నెమ్మదించాడు.

"రెండు వేళ్ళు మిషిను దిన్నది, దానికెంత ఆకలో,
అరె రెండు వేళ్ళు మిషిను దిన్నది, దానికెంత ఆకలో,
మిగిలినయి నాకాడున్నయి, సూడుండ్రి ఎట్ల పాడతయో."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తల దించుకోలేదు కూడా. గొట్టం చివరి దాకా జారి ఆగింది.

ప్రెస్ షాపు వరసలోంచి ఒకతను లేచాడు. ప్రమాదం రోజు పక్క ప్రెస్ మీద ఉన్న ఆపరేటర్. ఆ రోజు ఈయనను భుజాన వేసుకుని గేటు దాకా పరిగెత్తినవాడు, ఆ తర్వాత ఈయన కిటికీ దగ్గరికి తను రాకుండా ఎప్పుడూ వేరేవాళ్ళ చేత ఇండెంట్ పంపినవాడు. దగ్గరికి వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, చెయ్యి జర సూపియ్యి."

ఆయన చాపాడు. అతను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇప్పటికి గూడ నొస్తదా?"

"సలికాలంల జర గుంజుతది," అన్నాడు స్టోర్స్ అన్న. "ఇన్నేండ్లకు అడిగినవు రా తమ్మి."

అతను ఆ చేతినే మొహానికి ఆనించుకున్నాడు. ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ మూగారు. గొట్టం చూపించమన్నారు, కుట్లు ఎన్ని పడ్డాయని అడిగారు, చొక్కా గుండీ ఎలా పెట్టుకుంటావని అడిగారు, బండి క్లచ్ ఎలా పడతావని అడిగారు. ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. గుండీ పెట్టి చూపించాడు. నేనూ అడిగాను.

"ఆ దినం ఏమైందన్నా?"

ఐదు గంటల సైరన్ మోగింది. మామూలు రోజుల్లో అది మోగడం పూర్తయ్యేలోపే హాజరు పంచింగ్ మెషిన్ దగ్గర తోపులాట. ఆయన సైరన్ ఆగేదాకా ఆగి, చుట్టూ చూసి, పక్కనున్న కుర్చీ కాలితో జరిపాడు.

"చాన పెద్ద కథ. బస్సు పోతది మరి, పర్వాలేదా?"

ఎవరూ కదల్లేదు. క్యాంటీన్ అతను టీ మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. మేమంతా కూర్చున్నాం, ఆయన చెప్పడం మొదలుపెట్టాడు.